మూలనున్న పీపా

ఎనభై దాటినా ఆన్సెల్మ్ నడుము వంగలేదు. ఫ్రాన్సులోని జూరా కొండల్లో యాభై ద్రాక్షకోతలు కోశాననీ, పదకొండు పతకాలు తెచ్చాననీ నేలమాళిగలోకి వచ్చిన ప్రతివాడికీ ఏకరువు పెడతాడు. పొద్దున్నే పీపాలను వేలి కణుపుతో తట్టి, లోపల తెల్లద్రాక్ష పసుపు వైను ఎంత తగ్గిందో చప్పుడును బట్టే చెప్పేస్తాడు. ఆరేళ్ళ మూడు నెలలు దాన్ని కదపకూడదు. ఆవిరైపోయిన మేర మళ్ళీ నింపనూకూడదు. మూలనున్న పీపాను తట్టిన చెయ్యి మాత్రం కాసేపు దానిమీదే ఉండిపోతుంది. అది అతని పెళ్ళాం జెర్మెన్ తాను చనిపోయిన ఏడాది తన చేత్తో నింపింది. గడువు దాటి రెండేళ్ళయినా దాని బిరడా తీయలేదు.

ఆదివారం కోంతే చీజూ అక్రోట్లూ పట్టుకొచ్చిన పొరుగింటి ఉర్సుల్ ఊరుకోలేదు. "ఏం పెద్దాయనా, దాన్ని కూడా నీతోపాటే పాతిపెట్టమంటావా?"

"నీ నోటికి బిరడా లేదే!" అంటూనే ఆన్సెల్మ్ పీపా తెరిచాడు. గ్లాసులో వంపుకుని ఒక్క గుక్క తాగి, కళ్ళు మూసుకున్నాడు.

"పోటీకి పంపు. పన్నెండో పతకం నీదే!" అంది ఉర్సుల్.

ఆన్సెల్మ్ పతకాల ఊసెత్తలేదు. "చీజు మందంగా కోస్తుందని జెర్మెన్‌ని రోజూ తిట్టేవాణ్ణి," అన్నాడు.

ఉర్సుల్ కత్తి అందుకుని, ఒక ముక్క మందంగా కోసి అతని ముందు పెట్టింది.