బీడీల రాజవ్వకు జపాన్ తమ్ముడి పాఠం

2023 వానాకాలం. కరీంనగర్‌లోని ఒక ఎముకల ఆసుపత్రిలో నేను ఫిజియోథెరపిస్ట్‌గా చేరి అప్పటికి పదేళ్లు దాటాయి. వేములవాడ పక్క పల్లె నుంచి రాజవ్వ కుంటుకుంటూ వచ్చింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, పదిహేనో ఏట నుంచి బీడీలు చుడుతోంది. మోకాలి అరుగుదలకు రెండు నెలలుగా నా దగ్గరే చూపించుకుంటోంది. నేల మీద కూర్చోవద్దు, కుర్చీ వాడు అని మొదటి రోజే చెప్పి పంపాను. మాకు కాలేజీలో నేర్పిందీ అదే.

ఆ రోజు మోకాలు బాగా వాచి ఉంది. "ఏం చేసినవ్ రాజక్కా?" అన్నాను.

"గీ జపాన్ తమ్ముడు చేసినట్టె చేసిన మేడం" అని ఫోన్ నా ముందు పెట్టింది.

ఆయన జపాన్‌లో ఫుట్‌బాల్ ఆడి, మోకాళ్లు దెబ్బతిని ఆట మానేసినవాడట. చేతులు నేలకు ఆనించకుండా మడమల మీద కూర్చుని, అలాగే లేచాడు. వీడియో అంతే. కింద ఏయే దేశాలవాళ్లో మెచ్చుకుంటూ రాశారు, తెలుగులో "సూపర్ అన్నా" అని కూడా ఉంది. ఆడిన రోజుల్లో ఆయన పేరు ఈ జిల్లాలో ఎవరూ విని ఉండరు. ఇప్పుడు రాజవ్వ వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లందరి ఫోన్లలోనూ ఆయనే.

నాకు ఒళ్లు మండింది. "నేను చెప్పింది ఇడిసిపెట్టి ఫోన్ల జూసి చేస్తవా? కుర్చీల కూసోమన్న గదా!"

"కుర్సీల కూసుంటే ఒళ్లె చాట నిలుస్తలేదు మేడం. తంబాకంత కింద పోతది. దసరాదాక సూస్తనన్నడు టేకేదారు. ఆటెన్క నా కార్డు ఇంకొకామెకిస్తడట. నాకు ఇంకో పని రాదు."

టేకేదారు అంటే బీడీ ఆకు, తంబాకు అనే పొగాకు ఇచ్చి బీడీలు తీసుకునే కాంట్రాక్టరు. ఆయన ఇచ్చే కార్డు ఉంటేనే పని. కూర్చుంటే మోకాలు పోతుంది, కూర్చోకపోతే పని పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బాసింపట్టు వేసి ఒళ్లో చాట పెట్టుకున్న ఆడవాళ్లను చూస్తూనే నేను పెరిగాను. అయినా పనిలో ఎట్లా కూర్చుంటావని ఈమెను ఒక్క మాట అడగలేదు. సిగ్గేసింది.

మధ్యాహ్నం ఆ ఆటగాడి పేజీని అడుగుదాకా చూశాను. లోకమంతా చూస్తున్నది ఆయన చివరి వీడియో. ఎక్కువమంది చూసినదాన్నే ఫోన్ ముందు చూపిస్తుంది. అడుగున ఉన్న పాతవాటిని చూసినవాళ్లు చాలా తక్కువ. వాటిలో ఆయన ఎత్తుగా పేర్చిన దిండ్ల మీద కూర్చుని, గోడ పట్టుకుని, ముఖం చిట్లిస్తూ లేస్తున్నాడు. కొన్నాళ్లకొక దిండు తీసేస్తున్నాడు. దీన్నే మేము గ్రేడెడ్ లోడింగ్ అంటాం, కీలు మీద బరువు కొద్దికొద్దిగా పెంచడం.

వాపు తగ్గాక మేమూ అక్కడి నుంచే మొదలుపెట్టాం. దిండ్లకు బదులు గోనెసంచులు మడిచి వేశాం. మోకాలు ఎంత వంగుతోందో గోనియోమీటర్ అనే కొలబద్దతో వారం వారం కొలిచాను. ఒక వారం మెరుగయ్యేది, ఇంకో వారం మొదటికొచ్చేది.

ఒకసారి పాత వీడియో చూస్తూ రాజవ్వ అంది: "గింత గోస పడ్డడా మేడం గీయన? గిది ఎవ్వలు సూడలే గదా!"

దసరాకు వారం ముందు చాట వెంట తెచ్చుకుంది. ఒకే ఒక్క సంచి మడత మీద కూర్చుని అరగంట చుట్టింది. తంబాకు వాసనకు పక్కగది నర్సు తొంగిచూసి ముక్కు మూసుకుంది. నొప్పి పూర్తిగా పోలేదు. నడుమ నడుమ లేచి నాలుగడుగులు వేయమన్నాను. దసరా దాటాక కూడా కార్డు మాత్రం ఆమె పేరు మీదే నిలిచింది.

ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా, నొప్పి ఎక్కడని అడగడానికి ముందే, పనిలో ఎట్లా కూర్చుంటారో చేసి చూపించమంటాను. రాజవ్వ నన్ను ఒక్క మాట అనలేదు గానీ, పని పోతుందని రెండు నెలలు ఆమె పడ్డ భయం నేను పెట్టిందే.