పీకేసిన హారను

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళతో నాకు పడదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను ఏమీ అనుకోకండి. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు కాబట్టి వాళ్ళ సరదాని తప్పుపట్టను. కానీ 'ఒరిజినల్' అనే మాటని వాళ్ళు పలికే తీరు ఉంది చూశారూ, గర్భగుడి ముందు నిలబడి మూలవిరాట్టుని చూపిస్తున్నట్టు, అది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పుట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉంటేనే కారుకి విలువట. మధ్యలో ఎవరేం మార్చినా అది మచ్చేనట. ఎందుకు మార్చారని మాత్రం ఒక్కరూ అడగరు.

మల్కాజ్‌గిరిలో మా ఇంటి ముందు రేకుల షెడ్డు కింద ఒక అంబాసిడర్ ఉండేది. మా నాన్న రైల్వేలో గుమాస్తా. విజయనగరం దగ్గర పల్లె నుంచి ఉద్యోగం కోసం సికింద్రాబాదు వచ్చాడు. గుమాస్తా జీతానికి కారేమిటని చుట్టాలంతా నవ్వారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఎవరో డాక్టరు మూలన పడేసిన బండిని చవగ్గా కొని, ఆదివారాలన్నీ దాని కింద పడుకుని బాగుచేసుకున్నాడు. అన్నిటికన్నా దాని హారనంటే ఆయనకి మోజు. దూడ కనిపించని గేదె అరిచినట్టు లావుపాటి గొంతు. ఆఫీసు నుంచి వస్తూ వీధి మొదట్లోనే ఒకసారి కొట్టేవాడు. అమ్మ పొయ్యి మీద గిన్నె దించేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ గేటు తీయడానికి పరుగెత్తేది.

నాకు ఆరేళ్ళు. ఎండాకాలం సాయంత్రం. పద్మారావు నగర్‌లో డాక్టరమ్మకి చూపించుకుని ముగ్గురం ఇంటికి వస్తున్నాం. తమ్ముడు అప్పటికి అమ్మ కడుపులో ఉన్నాడు. ఆ కారుకి ముందు సీటు బల్లలా ఒకటే ఉండేది. అమ్మా నాన్నా దాని మీద, నేను వెనక. దారిలో రైలు గేటు పడింది. గేటు దగ్గర బుట్టలో మామిడికాయలు పెట్టుకుని ఒకావిడ అమ్ముతోంది. అమ్మ తన వైపు కిటికీలోంచి తల బయటపెట్టి పుల్లటివి ఏరుకుంటోంది.

అప్పుడు హారను మోగింది. మోగుతూనే ఉంది.

అమ్మ తల తిప్పలేదు. కాయలు నొక్కి చూసుకుంటూనే, "ఏటండీ ఆ గోల? మీకోసం రైలు తొందరగా వచ్చీస్తుందేటి? కాసేపు ఓపిక పట్టలేరూ?" అంది. నాన్న ఆటాడుతున్నాడనుకుని నేను రెండు చెవులూ మూసుకుని నవ్వాను. వెనక స్కూటర్ల వాళ్ళు తిట్టడం మొదలుపెట్టారు. రైలు పోయింది, గేటు లేచింది, కారు కదల్లేదు. అమ్మ అప్పుడు ఇటు తిరిగింది. నాన్న స్టీరింగు మీదికి వాలిపోయి ఉన్నాడు. ఆయన ఛాతీ బరువుకి మోగుతోంది ఆ హారను.

అమ్మ ఆయనతో అన్న చివరి మాటలు అవే. నాన్న గుండె ఆగిపోతుంటే నేను నవ్వాను. ఆరేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుందని నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను, ఆ నవ్వు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. ఇప్పటికీ చిలకలగూడ చౌరస్తాలో ఏ లారీవాడైనా హారను మీద చెయ్యి తీయకపోతే నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. లోపల ఎవరు వాలి ఉన్నారోనని తొంగి చూస్తాను. వాళ్ళు నన్ను వింతగా చూస్తారు.

కారు అమ్మేయమని అందరూ అన్నారు. అమ్మ వినలేదు. నాన్న ఉద్యోగం అమ్మకిచ్చారు. పురిటి నెలలు గడిచాక ఆఫీసులో చేరింది, ఆ కారే నేర్చుకుని నడిపింది. కానీ ఎక్కే ముందు దాన్ని మౌలాలి గుట్ట కింద షెడ్డులో ఉండే మెకానిక్ దగ్గరికి తోయించింది. నాన్న కూడా అన్నిటికీ ఆయన దగ్గరికే వెళ్ళేవాడు. మేం ఆయన్ని చాచా అనేవాళ్ళం.

"ముందు ఆ హారను పీకీండి," అంది అమ్మ. "పీకి ఎక్కడైనా పారీండి. నాకు మళ్ళా కనిపించకూడదు."

దాని చోట వేసిన కొత్త హారను తోక తొక్కిన కుక్కపిల్లలా కీచుమనేది. అంతటితో ఆగుతుందనుకున్నాం. కొన్నాళ్ళకి స్టీరింగు మార్పించింది. తర్వాత ఆ పొడుగు సీటు తీయించి రెండు విడి సీట్లు వేయించింది. మీగడ రంగు కారుకి నీలం వేయించింది, దాని మీద గోధుమరంగు, దాని మీద ఆకుపచ్చ. చివరికి ఇంజను కూడా తీయించి డీజిల్‌ది పెట్టించింది. ఎందుకమ్మా అంటే, "పాతబడిపోయింది కదా" అనేది. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ఉండేది ఆ జవాబు. ఒకటి మార్చగానే ఇంకొకటి ఆమెని చూడటం మొదలుపెట్టేది. నాకు అలాగే అనిపించేది.

కాలేజీలో ఉండగా ఒకరోజు తెగించి అడిగాను, ఇంత బాధపడే బదులు అమ్మేయొచ్చు కదా అని. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఇంకో రెండు రాళ్ళు ఏరి పక్కన పడేసింది. తర్వాత, "అమ్మీస్తే కొన్నవాడు ఒరిజినల్ హారను తెచ్చి పెట్టించుకుంటాడు," అంది. "ఏదో ఒకరోజు ఏ వీధిలోనో మోగుతుంది. అది మన దగ్గరే ఉండాలి. మోగకుండా ఉండాలి."

ఆ తర్వాత మేమిద్దరం ఆ ఊసెత్తలేదు.

తమ్ముడికి ఇవేవీ తెలియవు. మీ నాన్న గుండెపోటుతో పోయాడు అన్నంత వరకే చెప్పింది అమ్మ. వాడి దగ్గర ఉన్నదల్లా ఒక్క ఫొటో. తెలుపు నలుపుల్లో, బానెట్ మీద చెయ్యి వేసుకుని నాన్న నవ్వుతున్న ఫొటో. చిన్నప్పుడు వాడు అడిగేవాడు, కారు అప్పుడు ఏ రంగులో ఉండేదని. అమ్మ "గుర్తులేదురా" అనేది. ఎంత అబద్ధం! నా వైపు చూసేవాడు. నేనూ నాకు గుర్తులేదనేదాన్ని.

వాడు పెద్దవాడై మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. ఆ రోజుల్లో అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చిన ప్రతివాడూ ఆర్నెల్లు తిరక్కుండా తళతళలాడే కొత్త కారు వాయిదాల మీద తెచ్చుకుని వీధిలో పెట్టేవాడు. మావాడు మాత్రం షెడ్డులో ఉన్న ఆకుపచ్చ కారు చుట్టూ తిరిగేవాడు. ఆఫీసులో వాడికి పాత కార్ల వాళ్ళతో స్నేహం కుదిరింది. ఒక ఆదివారం వాళ్ళలో పెద్దమనిషిని ఇంటికి తీసుకొచ్చాడు. ఆయన టార్చిలైటు వేసి బానెట్ లోపలా సీట్ల కిందా వెతికి, ముక్కు చిట్లించాడు.

"ఏందీ బ్రదర్ ఇది? మంచి బాడీ. మొత్తం ఖరాబ్ చేసిన్రు. ఒరిజినల్ ఉంటే జనం ఎగబడి కొందురు. గిట్లయితే తుక్కే. ఎవరు చేసిన్రు ఈ పని?"

కాఫీ పట్టుకొచ్చిన అమ్మ గ్లాసు ఆయన చేతికిస్తూ, "నేనేనండి" అంది.

ఆయన పాపం నాలిక కరుచుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. తమ్ముడికి రాలేదు. ఆ రాత్రి వాడు నాకు ఫోన్ చేశాడు. అప్పటికి నాకు పెళ్ళయి మౌలాలిలో కాపురం. "అక్కా, నాన్న చెయ్యి పడిన స్టీరింగు, నాన్న కూర్చున్న సీటు, ఏదీ మిగల్లేదక్కా. అమ్మకి నాన్నంటే ఇష్టం లేదా?" అని అడిగాడు. ఇష్టం లేకపోవడమేమిటిరా పిచ్చోడా అన్నాను. చెప్పాల్సింది అమ్మ అనుకున్నాను.

కొన్నాళ్ళకి ఇంజను పనుందని అమ్మకి చెప్పి వాడు కారుని చాచా షెడ్డుకి చేర్చాడు. కారుని మళ్ళీ నాన్న నాటి రూపానికి తెచ్చి అమ్మకి చూపించాలని వాడి ఆశ. నాకు మాత్రం అప్పుడప్పుడూ చెప్పేవాడు. డ్యాష్‌బోర్డు వెనక చాకుతో గీకితే ఆకుపచ్చ కింద గోధుమరంగు, దాని కింద నీలం, దాని కింద మీగడ రంగు బయటపడిందట. "మీగడ రంగక్కా!" అన్నాడు, నాన్నే కనిపించినంత సంబరంగా. రంగూ సీట్లే కదా, అమ్మ కాస్త ఏడ్చి సర్దుకుంటుంది, వాడికీ తండ్రి కొంచెం దొరుకుతాడు అనుకున్నాను. హారను ఎప్పుడో మట్టిలో కలిసిపోయిందని నా నమ్మకం.

కలవలేదు. చాచా పీకిన ఇంజనూ సీటూ షెడ్డు మూలన కప్పిపెట్టి, మిగతా ప్రతి సామానూ గోనెసంచుల్లో కట్టి అటక మీద దాచాడు. తర్వాత నేను వెళ్ళి నిలదీస్తే ఆ ముసలాయన తల వంచుకున్నాడు. "అమ్మ పారెయ్యమన్నది బేటీ. నాకు మనసొప్పలే. మీ నాయన ఎంత ముద్దుగ చూసుకుండే ఆ బండిని! చీకట్ల పెట్టిన, ఎవ్వరికి చూపియ్యలే. కొడుకొచ్చి అడిగితే ఇయ్యకుంట ఎట్లుంట?"

కారు తిరిగొచ్చిన ఆదివారం నేను అమ్మ దగ్గరే ఉన్నాను. అమ్మ పొయ్యి మీద పులుసు పెట్టింది. నేను బెండకాయలు తరుగుతున్నాను. వీధి మొదట్లో హారను మోగింది.

కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. అమ్మ చెయ్యి ఆగలేదు. గిన్నె దించింది, చేతులు కొంగుకి తుడుచుకుంది, వాకిట్లోకి పరుగెత్తింది. గేటు ముందు ఇంకోసారి, ఈసారి పొడుగ్గా మోగింది. "ఏటండీ ఆ గోల?" అంటోంది అమ్మ పరుగెడుతూనే. "వస్తన్నాను కదా, కాసేపు ఓపిక పట్టలేరూ?"

గేటు గడియ తీసింది. ఎదురుగా మీగడ రంగు కారు. స్టీరింగు వెనక, నాన్న పోయేనాటి వయసుకి దగ్గర పడుతున్న నా తమ్ముడు, ఆ ఫొటోలో నాన్న నవ్విన నవ్వే నవ్వుతున్నాడు.

అమ్మ అరవలేదు, ఏడవలేదు. గేటు పట్టుకుని అలాగే కిందికి జారి మట్టిలో కూర్చుంది. నా జన్మలో నేనంత భయపడింది ఇంకెప్పుడూ లేదు. లేపి లోపలికి తీసుకెళ్ళి పడుకోబెడితే గోడ వైపు తిరిగిపోయింది. బయటికొచ్చి తమ్ముణ్ణి నాలుగు తిట్టి, ఆ కారు పక్కనే నిలబడి మొత్తం చెప్పేశాను. రైలు గేటు, మామిడికాయలు, అమ్మ మాట, నా నవ్వు. చివరికి, "ఇన్నేళ్ళలో నాన్న గురించి నాకు ఎవరైనా చెప్పిన అసలు సంగతి ఇదొక్కటే" అన్నాడు. కోపం వాడి గొంతులో ఉంది. తప్పు లేదు. తర్వాత పానా తెచ్చి, బానెట్ ఎత్తి, హారను విప్పబోయాడు.

"ముట్టుకోకు," అంది అమ్మ గుమ్మంలోంచి. "ఇంకెన్ని పీకుతాం?"

ఆ పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి కారు చుట్టూ ప్రదక్షిణం చేసినంత పని చేశాడు. ఒక్క బోల్టు కూడా తేడా లేదట, ఎంత అడిగితే అంత ఇస్తాడట. ఇది అమ్మడానికి కాదండి అంది అమ్మ. పోనీ హారను ఒకసారి కొట్టి చూడొచ్చా అని అడిగాడాయన. అమ్మ కారు తాళాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

చాలా రోజులు కారు షెడ్డులోనే ఉంది. అమ్మ బస్సులో ఆఫీసుకి వెళ్ళొచ్చేది. గేటు తీసేటప్పుడూ వేసేటప్పుడూ దాని వైపు చూసేది. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి ఇస్త్రీ చీర కట్టుకుని ముందు సీట్లో, తన చోట, కూర్చుని ఉంది. తమ్ముడు తాళాలు పట్టుకుని బిక్కమొహంతో నిలబడ్డాడు. "నువ్వూ ఎక్కవే" అంది నాతో. నేను వెనక ఎక్కాను. ఎక్కడికని ఎవరమూ అడగలేదు.

రైలు గేటు అక్కడే ఉంది. చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి, గేటు మాత్రం మారలేదు. మేం వెళ్ళేసరికి వేసే ఉంది. తమ్ముడు కారు ఆపాడు. వెనక బైకులూ ఆటోలూ చేరాయి.

"కొట్టు," అంది అమ్మ.

"అమ్మా, వద్దు."

"కొట్టరా."

వాడు హారను మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. ఆ గొంతు లేచింది. నా చేతులు వాటంతటవే చెవుల దాకా వచ్చాయి. దించేసి ఒళ్ళో పెట్టుకున్నాను. వెనక నుంచి ఎవడో, "ఓ అన్నా, దిమాగ్ ఖరాబైందా? గేట్ పడ్డది కనబడ్తలేదా?" అని అరిచాడు. అమ్మ కిటికీ దగ్గరికి జామకాయల బుట్టతో ఒకావిడ వచ్చి, తీసుకో అమ్మా తీసుకో అంటోంది. అమ్మ అటు చూడలేదు. కూర్చున్న దగ్గర నుంచీ ఆమె చూపు స్టీరింగు ముందున్న మనిషి మీదే ఉంది. ఆపమని అనలేదు. ఆ పొడుగు సీటు మీద మెల్లగా దగ్గరికి జరిగి, వాడి వీపు మీద చెయ్యి వేసింది.

"ఏవయిందండీ?" అని అడిగింది.

తమ్ముడి చెయ్యి హారను మీంచి జారింది. అమ్మ అడిగింది వాణ్ణి కాదు. రైలు వచ్చింది, పోయింది, గేటు లేచింది. అమ్మ చెయ్యి తీసేదాకా మేం కారు కదిలించలేదు. వెనకవాళ్ళు తిట్టుకుంటూ మా పక్క నుంచి వెళ్ళిపోయారు.