ముక్క వాసన పోయిన టెంటు

మా అక్క మొగుడి టెంటు నా దగ్గర నాలుగేళ్లు ఉండిపోయింది. ఆయన అడక్క కాదు. రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ "వచ్చే వారం పట్టుకొస్తాను బావా" అన్నాను. కంచరపాలెంలో మా ఇంటి నుంచి గాజువాకలో వాళ్లింటికి బస్సులో గంట ప్రయాణం. పత్రికాఫీసులో పని చేసినన్నాళ్లూ తీరిక లేదనుకున్నాను. రిటైరయ్యాక కూడా ఆ గంట దొరకలేదు.

మూడోసారి ఫోన్ చేసినప్పుడు కారణం చెప్పాడు.

"జనవరిలో రెండు మోకాళ్లూ మార్సేత్తారంట బావా. ఆ తర్వాత కొండలూ గిండలూ మర్సిపోమన్నాడు డాక్టరు. పిల్లకి మాటిచ్చేసినాను. రెండేళ్ల నుంచి నా పేణం తీసేత్తంది. క్రిస్మస్ లోపల ఓ రాత్రి అనంతగిరిలో పడుకోబెట్టి తెచ్చేత్తాను. ఈసారి మాత్రం టెంటు పట్టుకొచ్చెయ్."

పిల్లంటే ఆయన మనవరాలు. తొమ్మిదేళ్లది. బావ స్టీలు ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగం చేసినన్నాళ్లూ, వరసగా రెండు రోజులు సెలవు దొరికితే చాలు, తన పిల్లల్ని ఏదో ఒక కొండ మీదికి తీసుకెళ్లేవాడు. తల్లి చిన్నప్పుడు ఆ టెంటులో పడుకున్న కథలు విని విని ఆ పిల్ల తన వంతు కోసం కూర్చుంది. ఇంకెప్పుడో చూద్దాం అనడానికి ఈసారి వీల్లేదు. అది నాకు ఫోన్లోనే అర్థమైంది.

ఆ సాయంత్రమే అటక మీంచి సంచి దించాను. తాడు విప్పగానే ముక్క వాసన గుప్పుమంది. మా ఆఫీసులో పాత పేపర్ల ఫైళ్లు పెట్టే గది ఒకటి ఉండేది. వానాకాలం దాటాక దాని తలుపు తీస్తే అచ్చం ఈ వాసనే. మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది.

"ఏటండీ అది, సేపల గంప తెచ్చి ఇంట్లో ఎట్టినారా?"

తప్పు నాదే. నాలుగేళ్ల కిందట ఆఫీసు మిత్రులతో అరకు వెళ్లినప్పుడు అడిగి తీసుకున్నాను. తెల్లారేసరికి మంచుకు టెంటు తడిసి ఉంది. రైలుకు వేళయిందని తడిదాన్ని అలాగే చుట్టి సంచిలో కుక్కాను. ఇంటికి రాగానే ఆరేద్దామనుకున్నాను. ఇంటికి రాగానే ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. సంచి అటకెక్కింది.

మొదట డాబా మీద పరిచాను. మా వైపు డాబా మీద గుడ్డ ఆరేస్తే దాని మీద పోర్టు నుంచి ఎగిరొచ్చే సన్నటి బొగ్గు పొడి వాలుతుంది. సాయంత్రం దులిపి తీయడం ఇక్కడ అందరికీ అలవాటే. రెండు రోజులు ఎండబెట్టాను. మధ్యాహ్నం వాసన పోయినట్టే ఉండేది. పొద్దు వాలి సముద్రం గాలి తగలగానే మళ్లీ మొదలు. గుడ్డ మూలల్లో మిరియపు గింజలంత నల్లటి బూజు మచ్చలు.

ఇక్కడ నా వృత్తి గురించి కొంచెం చెప్పాలి. డెస్కులో చేరిన కొత్తలో నాకు ఆడవాళ్ల పేజీ అప్పగించారు. పేజీ కట్టాక అడుగున రెండు మూడంగుళాలు ఖాళీ మిగిలితే అక్కడొక చిట్కా పడాలి. పంపేవాళ్లు లేనినాడు మేమే రాసేవాళ్లం. మరకలు, చీమలు, ఉల్లిపాయ వాసన, దేనికైనా సరే, ఖాళీ ఎంతుంటే చిట్కా అంత. ముక్క వాసనకు నేను రాసింది ఇంకా గుర్తుంది. మరిగే నీళ్లలో బట్టల సోడా గుప్పెడు వేసి, గుడ్డను రాత్రంతా నానబెట్టి, గట్టిగా బ్రష్షుతో రుద్ది, మండుటెండలో ఆరేయాలి. ఆ పని నేనెప్పుడూ చేసి చూడలేదు. కానీ దాన్ని ఏడాదికోసారి మాటలు మార్చి వేస్తూ వచ్చాను. అచ్చులో అన్నిసార్లు చూశాక అది నిజమేనని నాకూ నమ్మకం కుదిరింది.

డ్రమ్ములో మరిగే నీళ్లు పోసి, సోడా కలిపి టెంటు నానబెట్టాను. మర్నాడు పొద్దున్నే రుద్దడం మొదలుపెట్టాను. నీళ్ల మీద తెల్లటి పొరలు తేలాయి. సబ్బు నురగ అనుకుని ఇంకా రుద్దాను. చేత్తో తీసి చూస్తే నురగ కాదు. వాన నీరు దిగకుండా గుడ్డ లోపలి వైపు వేసిన పూత అది. ఎండకు కమిలిన ఒంటి తోలులా ఊడొస్తోంది. కుట్ల మీద అతికించిన పట్టీలు కూడా లేచిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది ఒక ఉత్తరం. ఆ చిట్కా పడిన మొదటి ఏడాదే ఎవరో ఒకావిడ రాసింది. మీరు చెప్పినట్టే మా గొడుగు నానబెట్టాం, ఇప్పుడు వాన లోపలే కురుస్తోంది అని. డెస్కులో అందరికీ చదివి వినిపించి నవ్వించాను. ఉత్తరం చెత్తబుట్టలో పడింది. మర్నాటి చిట్కా మర్నాడు పడింది.

టెంటు ఆరింది. వాసన మాత్రం నిజంగానే పోయింది.

ద్వారకా నగర్లో ప్రయాణపు సామాన్లు అమ్మే షాపుకు తీసుకెళ్లాను. అతను గుడ్డను వెలుగుకు పట్టి చూశాడు.

"మీరేటి సార్, దీన్ని ఉడకబెట్టేసినారా?"

"వాసనొస్తోందని కొంచెం వేడినీళ్లలో..."

"సల్లనీళ్లు, కూసింత సబ్బు, నీడన ఆరబెట్టడం. అంతే సార్. పూత పోయాక ఇది టెంటు కాదు, దోమతెర. మంచుకి పర్లేదు. వానకి మాత్రం పనికిరాదు."

బావ ఎల్లుండి బయల్దేరుతున్నాడు. ఆ షాపు మెట్ల మీదే నిలబడి ఫోన్ చేసి ఉండాల్సింది. చేయలేదు. నాలుగేళ్లు ఉంచుకుని, కుళ్లబెట్టి, ఆఖర్న పాడుచేశానని చెప్పడానికి నోరు రాలేదు. డిసెంబర్లో వానేంటి అని సర్దిచెప్పుకున్నాను. ఆ పొద్దున పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త ఉంది, బంగాళాఖాతంలో అల్పపీడనమని. చదివాను. అలాంటి వార్తలకు ముప్పయ్యేళ్లు హెడ్డింగులు పెట్టినవాణ్ణి. అవి సగం తీరం దాటకుండానే చెదిరిపోతాయి, ఇదీ అంతే అనుకున్నాను.

గాజువాక వెళ్లి సంచి అందించాను. బావ గుడ్డలోకి మొహం పెట్టి వాసన చూశాడు.

"కొత్తదానిలాగుందిరా బాబూ. ఏటి సేసినావ్?"

"పాత చిట్కా" అన్నాను.

"నువ్వూ రా బావా. ముగ్గురం పడతాం."

నడుం నొప్పి అన్నాను. పిల్ల అప్పటికే సంచి భుజాన వేసుకుని గది చుట్టూ తిరుగుతోంది.

వాళ్లు కొండ మీద టెంటు వేసిన సాయంత్రం ఆరింటికే వాన మొదలైందని అక్క మర్నాడు ఫోన్లో చెప్పింది. తుంపరే. అయినా గంటలో దుప్పట్లు తడిసి ముద్దయ్యాయి. పిల్ల వణికిపోయింది. బావ దాన్ని వీపున వేసుకుని, ఆ మోకాళ్లతో, జారే దారిలో కారు దాకా దిగాడు. తిరుగు ప్రయాణమంతా పిల్ల ఏడుస్తూనే ఉందట. బావ కాళ్లు వాచాయి. "అదేటోరా, మా టెంటు ఎప్పుడూ ఇలా సెయ్యలేదు. ముసిలిదైపోనాది కామోసు" అంది అక్క. అవునన్నాను.

మూడు రోజులకు వెళ్లాను. బావ కుర్చీలో కాళ్లు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. టెంటు వరండా తీగ మీద ఆరేసి ఉంది. తడిదాన్ని ఆయన చుట్టిపెట్టలేదు. పిల్ల పక్కనే చాప మీద హోంవర్కు రాసుకుంటోంది. నేను కూర్చోకుండానే అంతా చెప్పేశాను. అరకు మంచు, అటక, వేడినీళ్లు, షాపతను అన్న మాట.

ఆయన ఒక్కటే అడిగాడు.

"వానకి ఆగదని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"సెప్తే మీద ఓ టార్పాలిన్ బరకం కట్టుకుందుం కదా బావా. మేడ మీద ఉంది బరకం. అదెంత పని?"

కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది. షిఫ్టులో పక్కవాడికి నట్టు ఎటు తిప్పాలో చెప్పినట్టు మామూలుగా అన్నాడు. అంత చిన్న సంగతి నాకు తట్టలేదు. నా పరువు తప్ప ఆ రెండు రోజులూ నేను ఇంకేమీ ఆలోచించలేదు.

"సెలవులివ్వగానే పిల్లని నేను తీసుకెళ్తాను. కొత్త టెంటు కొంటాను" అన్నాను.

పిల్ల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "తాతయ్య వత్తాడా?" అంది.

బావ మోకాలు నిమురుకున్నాడు. నేను తీగ మీది గుడ్డను తడిమి చూశాను. ఆరిపోయింది. అయినా మడత పెట్టమని ఎవరూ అడగలేదు.