నాలుగో ఛానెల్లో ఆర్వో

సుపీరియర్ సరస్సు ఒడ్డున మా ఊరికో చిన్న టీవీ స్టేషన్ ఉంది. దాని సిగ్నలు ఊరి పొలిమేర దాటితే చాలు, నీరసపడిపోతుంది. అందులోనే నాలుగు ఛానెళ్ళు. నాలుగోదాంట్లో ఇంపీ నిస్కా భర్త ఆర్వో రోజూ సాయంత్రం వాతావరణం చెప్పేవాడు. ఆయన పేరే ఆ ఛానెల్‌కీ పెట్టారు. ఆయన పోయాక తెర నల్లబడింది. అయినా ఇంపీ ఆ వేళకు రెండు కప్పుల్లో కాఫీ పోసుకుని ఎదురుగా కూర్చునేది.

ఈ చలికాలం స్టేషన్ కొత్త యంత్రానికి మారింది. ప్రతి ఇంట్లో టీవీ మళ్ళీ ఛానెళ్ళను వెతుక్కోవాలి, లేకపోతే ఏదీ రాదు. స్టేషన్ నడిపే లైల్, ఆర్వో మేనల్లుడు, ముసలివాళ్ళ ఇళ్ళకు తనే వెళ్ళి ఆ పని చేసిపెట్టాడు. ఇంపీ మాత్రం రిమోట్ ఇవ్వలేదు.

"వెతికితే దొరకనివాటిని టీవీ తీసిపారేస్తుందటగా?"

"ఖాళీ ఛానెలేగా అత్తా. ఉంటే ఎంత, పోతే ఎంత?"

"నీ బుర్రా ఖాళీయే. తీసిపారేశామా?"

లైల్ నవ్వి, నిసు అనే యాలకుల తీపి రొట్టె ముక్క కాఫీలో ముంచుకున్నాడు. "మంచు తుఫాన్ల కాలమత్తా ఇది. వాతావరణం తెలియకుండా నిన్నిలా కూర్చోనిచ్చేవాడా మామయ్య?"

 ఇంపీ రిమోట్ అతని ఒళ్ళో పడేసి, కిటికీవైపు తిరిగింది.

టీవీ వెతికింది. ఒకటి దొరికింది. రెండు. మూడు. లైల్ లేవబోయాడు. నాలుగో వరుసలో ఆర్వో పేరు వచ్చింది.

"దీన్ని జాబితాలోంచి నేనే తీసేశానే," అన్నాడు తనలో తను. "పాత యంత్రంలోవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాను కదా, వాటితోపాటు వచ్చేసుంటుంది. పొద్దున్నే తీసేస్తాలే."

ఇంపీ వెనక్కి తిరిగింది. తెర నల్లగా ఉంది. సిగ్నల్ లేదన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

"మెల్లిగా మాట్లాడరా. ఆయన మొదలుపెట్టే వేళయింది."

లైల్ దాన్ని తీసేయలేదు. నాలుగో ఛానెల్ పెడితే నలుపే వస్తోందని ఊళ్ళోవాళ్ళు ఫోన్లు చేశారు. కొన్నాళ్ళకు వాళ్ళూ మానేశారు.

తుఫాను హెచ్చరిక మొదటి ఛానెల్లో రాగానే లైల్ ఆమె ఇంటికి పరుగెత్తాడు. అప్పటికే కట్టెలు పొయ్యి పక్కన పేర్చి ఉన్నాయి. కిటికీలు బిగించి ఉన్నాయి. టీవీలో నాలుగో ఛానెల్ నల్లగా వెలుగుతోంది.

నీకెవరు చెప్పారని లైల్ అడగలేదు.