సాల్మన్ మందు తాగలేదు, కొట్టాడు

నిన్న పొద్దున సత్తెనపల్లి బస్టాండులో ఉండగా ఫోన్ మోగింది.

"సాల్మన్ పోయాడ్రా."

చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు.

ముందు రోజు సాయంత్రమే ఆసుపత్రిలో వాడి పక్కన కూర్చుని వచ్చాను. కళ్లు తెరిచే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

కాసేపటికే ఇంకో ఫోన్. తర్వాత ఇంకోటి. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, మన స్కూలు బ్యాచ్ వాళ్లే. అందరిదీ ఒకటే ప్రశ్న.

"పురుగుమందు ఎందుకు తాగాడ్రా? ఇంట్లో గొడవా?"

ఒక్కొక్కడికీ ఫోన్‌లో చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే నెట్ సెంటర్‌లో కూర్చుని మీ అందరికీ రాస్తున్నా.

సాల్మన్ మందు తాగలేదు.

కొట్టాడు.

మీలో చాలామంది పొలం మొహం చూసి ఏళ్లయింది. కాబట్టి మొదటి నుంచి చెప్తా.

వాడూ నేనూ కూలికి చేలల్లో మందు కొడతాం. ఈసారి తొలకరి పడగానే, పత్తి గింజ పెట్టకముందే చేను శుభ్రం చేయాలని ఒక ఆసామి పిలిచాడు. చేనంతా వయ్యారిభామ. ఆ పేరు పెట్టినవాడి ఒంటికి ఆ దురద మొక్క ఎప్పుడూ తగిలి ఉండదు.

ఇదివరకు ఒక్కసారి గడ్డిమందు కొడితే మాడిపోయేది. ఏటా అదే చేలో అదే మందు. ఇప్పుడు దానికి అలవాటైపోయింది. పై ఆకులు పసుపు రంగుకి తిరుగుతాయి, నాలుగు రోజులాగి మొదట్లోంచి మళ్లీ పచ్చగా లేస్తుంది.

ఆసామి గొడుగేసుకుని గట్టు మీద నిలబడ్డాడు.

"ఏరా సాల్మనూ, అంత కొట్టినా గడ్డి నవ్వతా ఉందేందిరా?"

"మందు మరిగిందండీ. రోజూ తాగేవోడికి క్వార్టర్ ఏం ఎక్కుద్ది? ఎద్దుల్ని కట్టి గుంటక తోలించండి, వేళ్లతో సహా పోద్ది."

"అందాకా అదును ఆగుద్దా? షాపాయన ఇంకో రకం గడ్డిమందు ఇచ్చి రెండూ కలిపి కొట్టమన్నాడు. కలుపు."

"కలుపు చావడానికి మళ్లీ కలుపా అండీ" అని నవ్వాడు సాల్మన్.

నవ్వాడు, కలిపాడు.

బకెట్లో విరిగిన పాలలా అయింది. దానికి తోడు కాలువ నీళ్లు, చెత్త. ట్యాంకు వీపుకి తగిలించుకుని నాలుగడుగులు వేసేసరికి మందు చిమ్మే నాజిల్ మూసుకుపోతుంది. ట్యాంకు దించాలి, నాజిల్ విప్పాలి, నోట్లో పెట్టుకుని ఊదాలి, ఉమ్మేయాలి, మళ్లీ బిగించాలి.

ఆ రోజంతా అదే పని.

మందు కొట్టేవాళ్లం అందరం అలాగే చేస్తాం. పిన్నీసుతో పొడవమని మాకు ఎవడూ చెప్పలేదు. చెప్పినా, గట్టు మీద నుంచి "కానీండ్రా, మబ్బు పట్టింది" అని మనిషి అరుస్తుంటే చేను మధ్యలో పిన్నీసు ఎవడు వెతుకుతాడు? నేనూ ఊదాను. నాది తక్కువసార్లు మూసుకుంది, వాడిది ఎక్కువసార్లు. అంతే తేడా.

"ఎట్టుందిరా టేస్టు?" అని అరిచాను.

"మా ఆవిడ పులుసు కంటే నయమేరా!"

ఇద్దరం పడీపడీ నవ్వాం.

మర్నాటికి వాడి నాలుక పొక్కింది. తర్వాత గొంతు. మంచినీళ్లు కూడా దిగలేదు. ట్యాంకు కారిన చోట వీపు మీద చర్మం ఊడింది.

ఆసుపత్రిలో డాక్టరు నోరు తెరిపించి చూశాడు.

"ఏం మందు తాగాడు?"

"తాగలేదండీ, చేలో కొట్టాడండీ" అంది వాడి భార్య రూతు.

"నోరంతా కాలిపోయి ఉంది కదమ్మా. నిజం చెప్పు."

సాల్మన్‌కి మాట రావడం లేదు. రెండు వేళ్లతో ఏదో విప్పినట్టు తిప్పి, నోటి దగ్గర పెట్టుకుని చూపించాడు. మళ్లీ తిప్పాడు, మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఊదబోతే దగ్గొచ్చింది.

"చూశావా? సీసా మూత తీసి తాగానని వాడే చెప్తున్నాడు" అన్నాడు డాక్టరు.

"సీసా కాదు సార్, అది నాజిల్!" అని నేను అడ్డం పడ్డాను.

"నువ్వు బయటికి నడువు."

తాగాడన్న మాటే ఆసుపత్రి కాగితం మీద పడింది. కాగితం మీద నుంచి ఊరి మీద పడింది.

మందు ఊపిరితిత్తులకి ఎక్కి, ఆ తర్వాత వారం పైనే ఊపిరి కోసం కొట్టుకున్నాడు.

నిన్న శవాన్ని ఇంటికి తేగానే వాడి అమ్మ వచ్చి రూతు జుట్టు పట్టుకుంది. "ఏమన్నావే నా కొడుకుని? నువ్వేమంటే తాగాడే?"

రూతు ఏడవడం కూడా మానేసి గోడకి ఆనుకుని నిలబడింది.

ఆసామి దండ తెచ్చాడు. అందరి ముందే అడిగాను. "మీరు గట్టు మీదే ఉన్నారు కదండీ. వాడు నాజిల్ ఊదడం చూశారు కదా. ఆ ఒక్క మాట వాళ్లమ్మకి చెప్పండి."

దండ వేశాడు. చెప్పులేసుకుంటూ, "నాకేం గుర్తుందిరా. పోయినోడు పోయాడు, నన్ను లాగబాకు" అని వెళ్లిపోయాడు.

ఇవాళ పొద్దున ఆ చేను మీదుగానే వచ్చాను. ఎవరో వేరే ఊరి మనిషి మందు కొడుతున్నాడు. నాజిల్ విప్పి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

బండి ఆపి అరిచాను. "ఒరేయ్, ఊదబాకురా!"

పిచ్చోణ్ణి చూసినట్టు చూసి, ఊదాడు.

సాయంత్రం సాల్మన్‌ని సమాధుల తోటకి తీసుకెళ్తున్నాం. రాగలిగినవాళ్లు రండి. దండలు అక్కర్లేదు. వాడి అమ్మ పక్కన కూర్చుని "వాడు తాగలేదు పెద్దమ్మా" అని చెప్పండి. నేనొక్కడినే చెప్తే, దోస్తు కాబట్టి వెనకేసుకొస్తున్నానంటోంది. రాలేనివాళ్లు ఫోన్ చేసి చెప్పండి. పదిమంది పది నోళ్లతో చెప్పండి.

ఆ ఇంట్లో రేపటి నుంచి రూతు బతకాలి.

వెళ్లిరారా సాల్మనూ.
ఇక్కడ నీకు చివరికి ఊపిరి కూడా అందలేదు. అక్కడన్నా గుండె నిండా గాలి పీల్చుకుని, హాయిగా పడుకో.