కషాయమూ మందేనని తెలిసిన రోజు

స్నానం చేసి తుడుచుకుంటుంటే ఎడమ మోచేతి కింద అరచేయంత కమిలిన మచ్చ కనిపించింది. ఎక్కడ తగిలిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అంతకు కొన్ని రోజుల ముందు నుంచే పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. నా భార్య సునీత ఆ మచ్చ చూసి కంగారు పడింది.

“గిదేందండీ, ఏడన్న తాకిందా?”

జహీరాబాద్‌లో మాకు ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు ఉంది. రోజంతా బరువైన ఇనుప సామాను ఎత్తి దించే పని. “ఏ గేర్‌బాక్సో తాకుంటది తీ” అని తేలిగ్గా కొట్టిపారేశాను. నా మనసంతా మరుసటి వారం హైదరాబాద్‌లో జరగాల్సిన ఆపరేషన్ మీదే ఉంది.

ఆ ఆపరేషన్ ఏమిటో చెప్పడానికి నాకు చాలాకాలం సిగ్గు అడ్డొచ్చింది. బడిలో చదువుకునే రోజుల్లోనే నా ఛాతీ ఆడపిల్లల ఛాతీలా ఉబ్బింది. వయసు పెరిగితే అదే పోతుందనుకున్నాను, పోలేదు. తోటివాళ్లు గిచ్చి నవ్వేవాళ్లు. ఎండాకాలంలో కూడా రెండు బనియన్లు వేసుకుని, పైన వదులు చొక్కా తొడుక్కునేవాణ్ని. పెళ్లిచూపులప్పుడు కూడా భుజాలు ముందుకు వంచుకుని కూర్చున్నాను. పెళ్లయ్యాక సునీతే ఒకరోజు మాట తీసింది. “నాకైతే ఏం ఫరక్ పడదు. కానీ మీరు లోపల్లోపల కుములుతున్నరు. ఒకపారి డాక్టర్‌కు చూపించుకుంటే ఏం పోతది?”

హైదరాబాద్‌లోని ప్లాస్టిక్ సర్జన్ చూడగానే చెప్పారు. “ఇది ఉత్త కొవ్వు కాదు, లోపల గ్లాండ్ ఉంది. గైనకోమాస్టియా అంటారు. మగవాళ్లలో చాలామందికి ఉంటుంది. జిమ్‌కి వెళ్లినంత మాత్రాన పోదు.” హార్మోన్ పరీక్షలు, అల్ట్రాసౌండ్ చేయించారు. అన్నీ నార్మల్. “రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా?” అని అడిగారు. బీపీ లేదు, షుగర్ లేదు. ఏమీ లేవని చెప్పాను. ఆ రోజుకు అది నిజమే.

ఇంటికి వచ్చాక ఆపరేషన్‌కు ఒళ్లు సిద్ధం చేసుకోవాలనే ఉత్సాహం మొదలైంది. రాయికోడ్ దగ్గర ఊళ్లో ఉండే మా అమ్మకు “ఛాతీల చిన్న గడ్డ ఉందట, తీసేస్తరు” అని మాత్రమే చెప్పాను. ఆ మాటకే ఆమె భయపడిపోయి, మా చేనులో తవ్విన అల్లం సంచి నిండా వేసుకుని బస్సెక్కి వచ్చేసింది. అల్లం, వెల్లుల్లి, పసుపు, మిరియాలు దంచి మరగబెట్టి, పొద్దున ఒక పెద్ద గ్లాసు, సాయంత్రం ఒక పెద్ద గ్లాసు చేతికిచ్చేది.

“తాగు బిడ్డా. లోపట బలముంటే గాయం జల్ది మానుతది.”

ఇది చాలదన్నట్టు తెలిసినవాడొకడు చెప్పాడని ఫిష్ ఆయిల్, విటమిన్ ఇ క్యాప్సూల్స్ మొదలుపెట్టాను. ఆన్‌లైన్‌లో కొవ్వు కరిగించే హెర్బల్ టీ తెప్పించాను. ప్యాకెట్ మీద పచ్చటి ఆకుల బొమ్మ ఉంది. ఆకులే కదా, ఏం చేస్తాయనుకున్నాను. కమిలిన మచ్చకూ ఆ గ్లాసులకూ సంబంధం ఉండొచ్చన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షలు, ప్లేట్‌లెట్ కౌంటుతో సహా, బాగానే ఉన్నాయి. పొద్దున థియేటర్‌లోకి తీసుకెళ్లారు. మెలకువ వచ్చేసరికి ఛాతీ చుట్టూ బిగుతైన కంప్రెషన్ జాకెట్ ఉంది, లోపల చేరే రక్తం, నీరు బయటికి పోవడానికి రెండు పక్కలా డ్రెయిన్ గొట్టాలు వేలాడుతున్నాయి. సునీత పక్కనే కూర్చుని నవ్వుతోంది. తల వంచి చూసుకుంటే జాకెట్ మీద నుంచి కూడా ఛాతీ చదునుగా కనిపించింది. నాకూ నవ్వొచ్చింది.

ఆ సంతోషం మధ్యాహ్నం దాకానే నిలిచింది. ఎడమ పక్క ఎవరో లోపలి నుంచి గాలి కొడుతున్నట్టు బిగుసుకుపోవడం మొదలైంది. నొప్పి భుజం దాకా పాకింది. నర్సు డ్రెయిన్ చూసి గబగబా బయటికి వెళ్లింది. డ్యూటీ డాక్టర్ వచ్చి జాకెట్ విప్పారు. ఎడమ పక్క ఉబ్బి, ఊదారంగుకు తిరిగి ఉంది. “హెమటోమా. లోపల రక్తం గడ్డకట్టింది. మళ్లీ థియేటర్‌కు వెళ్లాలి” అన్నారు.

“ప్రాణానికి ఏం కాదు గద సార్?” అని సునీత అడిగింది. అప్పటికే ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

“ఆలస్యం చేయకపోతే ఏమీ కాదమ్మా” అన్నారాయన.

స్ట్రెచర్ మీద వెళ్తుంటే నాకు ఒకటే ఆలోచన. బతకడానికి చేయించుకున్న ఆపరేషన్ కాదిది. చొక్కా లోపల ఎవరికీ కనిపించని దాని కోసం వచ్చి, ఈ పిల్లను ఇంత ఏడిపించానే అనుకున్నాను.

గడ్డకట్టిన రక్తం తీసి, కారుతున్న చోట్లను మూసి, మళ్లీ కుట్లు వేశారు. కాస్త కుదుటపడ్డాక మత్తు డాక్టరమ్మ మంచం పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అప్పటికి అమ్మ కూడా జహీరాబాద్ నుంచి వచ్చి ఉంది.

“మాత్రలు కాదు, వేరే అడుగుతున్నాను. కషాయం, టీ, పొడి, క్యాప్సూల్స్ ఏమైనా తీసుకున్నారా?”

సునీత ఒక్కొక్కటే చెప్పింది. డాక్టరమ్మ చివరిదాకా విన్నారు.

“కూరలో వేసుకునే అల్లం వెల్లుల్లితో భయం లేదు. కానీ రోజూ గ్లాసుల కొద్దీ తాగి, పైన ఫిష్ ఆయిల్, విటమిన్ ఇ, అందులో ఏముందో తెలియని ఈ టీ కూడా తీసుకున్నారు. ఇవన్నీ కలిస్తే రక్తం కారకుండా ఆపే ప్లేట్‌లెట్లు సరిగా పనిచేయకపోవచ్చు. కౌంట్ మాత్రం నార్మల్‌గానే కనిపిస్తుంది. మీకు రక్తం కారడానికి ఇదే కారణమని గట్టిగా చెప్పలేను, ఏమీ తాగనివాళ్లకూ హెమటోమా వస్తుంది. కానీ ముందే తెలిసుంటే ఆపరేషన్ వాయిదా వేసేవాళ్లం. మేమూ మందులనే అడిగాం, ఇవి విడిగా అడగాల్సింది.”

ఆమె వెళ్లగానే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నా చేతులారా నేనే తాపిచ్చిన గదరా.”

“నీ తప్పేం లేదే అమ్మా. గడ్డ అని నీకు అబద్ధం చెప్పిన...” అంటూ అసలు సంగతి మొదలుపెట్టబోయాను. ఆమె మధ్యలోనే ఆపేసింది.

“నాకు తెల్వదనుకున్నవా? బడికి పోయేనాటి సంది నువ్వు నా ముంగట అంగీ ఇడువకపోతివి. అడిగితే నీకు సిగ్గైతదని ఊకున్న బిడ్డా.”

ఇన్నేళ్లూ నేనొక్కణ్నే మోస్తున్నానని అనుకున్న బరువును ఆమె కూడా మోస్తూనే ఉందని అప్పుడు తెలిసింది. ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. సునీత కిటికీ వైపు తిరిగి నిలబడింది.

కోలుకోవడం అనుకున్నంత సాఫీగా సాగలేదు. కుడి పక్క చక్కగా మానింది. ఎడమ పక్క నీరు చేరితే దాన్ని సెరోమా అన్నారు. రెండుసార్లు సూదితో తీశారు. చివరకు అక్కడ చర్మం కొంచెం లోపలికి లాగినట్టు ఉండిపోయింది. “తొందరపడొద్దు, కణజాలం మెత్తబడనివ్వండి. తర్వాత చిన్న కరెక్షన్ చేద్దాం” అన్నారు సర్జన్. షాపులో బరువులు ఎత్తకుండా గల్లా దగ్గర కూర్చోవడం మొదట్లో నాకు పెద్ద శిక్ష అనిపించింది.

నెలలు గడిచాక కరెక్షన్‌కు తేదీ అడగడానికి వెళ్లేటప్పుడు సునీత ఒక సంచి తయారుచేసింది. ఇంట్లో ఉన్న డబ్బాలు, ప్యాకెట్లు, అమ్మ ఇచ్చిన పొడి సీసా, అన్నీ అందులో వేసి డాక్టరమ్మ టేబుల్ మీద పెట్టింది. ఆమె ఒక్కొక్కటి తిప్పి చూశారు. నాకు కనీసం రెండు వారాల ముందే అన్నీ ఆపాలని చెప్పారు. ఆపరేషన్ తర్వాత కూడా తాను చెప్పేదాకా ముట్టుకోవద్దన్నారు. అమ్మ ఆ రోజుల్లో పొద్దున్నే వట్టి గోరువెచ్చని నీళ్లు ఇచ్చి, “గివి తాగితే డాక్టరమ్మ ఏమనది గద?” అని అడిగేది.

ఈసారి ఒక్క చోట కూడా కమలలేదు. సర్జన్ డ్రెస్సింగ్ విప్పి, “బాగుంది, ఇంటికెళ్లొచ్చు” అన్నారు. ఆ రెండు మాటల కోసం ఎన్ని నెలలు ఎదురుచూశామో మాకే తెలుసు.

ఇప్పుడు నేను టీషర్టు వేసుకుని షాపుకు వెళ్తున్నాను. మాకు పాప పుట్టింది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తే నా ఛాతీ మీద బోర్లా పడుకుని నిద్రపోతుంది. అది లేస్తుందేమోనని కదలకుండా పడుకోవడం నాకు రోజూ దొరికే సుఖం.

మొన్న చిరాగ్‌పల్లిలో ఉండే మా చిన్నమ్మకు గర్భసంచి ఆపరేషన్ అన్నారు. అమ్మ ఫోన్ పట్టుకుని గట్టిగా చెబుతోంది.

“కషాయం తాగుతున్నవా? నాకు చెప్పుడు కాదు, డాక్టర్‌కు చెప్పు. డబ్బలన్నీ సంచిల ఏసుకపో. బీపీ గోలి మాత్రం నీ అంతట నువ్వు బంద్ చెయ్యకు, అది గూడ ఆయన్నే అడుగు.”

నేను చెప్పాలనుకున్న జాగ్రత్త కూడా అదే. ఆపరేషన్ చిన్నదైనా, అందం కోసమైనా, మీరు తాగేవీ మింగేవీ అన్నీ వారాల ముందే డాక్టర్ ముందు పెట్టండి. ఆయన అడిగేదాకా ఆగొద్దు.