మేనత్త కొట్లో మిఠాయి సీసాల మీది గుడ్డ

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను పలాసలో, పనిచేసే సూపర్ మార్కెట్లో చాక్లెట్లు సర్దుతున్నాను. చేతిలో పెట్టె దించేసి ఊరికి బస్సెక్కాను.

ఉద్దానం తీరాన మా మత్స్యకార పల్లెలో, ఇంటి అరుగు మీదే ఆమె కొట్టు. మిఠాయి సీసాలు ముందువరసలో ఉండేవి. వాటి పైన తాడుకి పసుపు పూల చీరముక్క ఒకటి వేలాడేది. పడవలు చేపలతో వచ్చిన రోజు దాన్ని పక్కకి జరిపేది. వేట లేని రోజుల్లో సీసాలు కనబడకుండా దించేసేది. ఈగల కోసమేమో అనుకునేదాన్ని. ఓసారి బెల్లం జీళ్ళ కోసం ఆ గుడ్డ లాగేస్తే చేతి మీద ఒక్కటిచ్చింది. నన్ను ఆమె కొట్టింది అదొక్కసారే.

"పిల్ల సూత్తే అడుగుతాది. లేదని సెప్పాల్సింది తల్లి కదే" అంది, నా నోట్లో ఓ బెల్లం జీడి పెడుతూ.

నేను నేర్చిన విద్య వేరు. మీరూ గమనించే ఉంటారు. బియ్యం, పప్పు లోపలికంటా పెడతాం, వాటికోసం మీరు కొట్టంతా తిరగాలని. చాక్లెట్లు బిల్లు దగ్గర, పిల్లలకి అందే ఎత్తులో పెడతాం. ఈ పనిలో నాకు మంచి పేరే ఉంది.

నిరుడు అత్తని తీసుకొచ్చి గర్వంగా చూపించాను. ఏసీ చలికి కొంగు కప్పుకుని అంతా తిరిగింది. "ఎంత సక్కగా సర్దినావే అమ్మీ!" అని మురిసిపోయింది. అవి సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు, పల్లెలో ఎవరి చేతిలోనూ డబ్బాడదు. బిల్లు దగ్గర మా పల్లె కోడలొకతె కూతురితో నిలబడి ఉంది. పాప చాక్లెట్ పట్టుకుని వదలదు. చివరికి తల్లి తన బుట్టలోని కొబ్బరినూనె సీసా తీసి వెనక్కి ఇచ్చేసింది.

"గుడ్డ ఎయ్యలేదేటే?" అంది అత్త మెల్లగా.

"ఇది నీ కొట్టు కాదత్తా" అని కసిరేశాను.

ఆమె బస్సెక్కేముందు నా తల నిమిరింది. తప్పయిందని నేను చెప్పనే లేదు. ఇప్పుడు చెప్పాలన్నా వినడానికి ఆమె లేదు.

దినం అయ్యాక ఆ చీరముక్క అడిగి తెచ్చుకున్నాను. మళ్ళీ నిషేధం మొదలైన ఉదయం బిల్లు దగ్గర చాక్లెట్లకి అడ్డంగా కట్టాను.

"ఏటమ్మా ఇది? అమ్మకాలు పడిపోతే నువ్వే జవాబు సెప్పాల" అన్నారు ఓనరు.

"సెప్తాను సార్. వేట మొదలయ్యేదాకా ఉండనివ్వండి" అన్నాను.

ఆయన ఇంకా ఏ సంగతీ తేల్చలేదు. ఇందాకే ఓ పాప ఆ పసుపు పూలని వేలితో తడిమి, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.